ఇఫ్తార్ ఎలా చేయాలి? ఉపవాసం విరమించే పద్ధతి, చదవాల్సిన దువాలు (ప్రార్థనలు)

రంజాన్ సాయంత్రాల్లో అస్ర్ నమాజు అయిందంటే వంటింట్లో హడావుడి మొదలవుతుంది. పకోడీలు వేగాలి, పుచ్చకాయ కోయాలి, షర్బత్ కలపాలి. సైరన్ మోగేసరికి ఇంటి ఆడవాళ్ళు ఇంకా పొయ్యి దగ్గరే ఉంటారు. ఇఫ్తార్ కూడా ఆరాధనే. దానికి కావలసినవి ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్ళు, ఒక దువా. మిగతా వంటకాలు నమాజు తర్వాత వచ్చినా నష్టం లేదు.

ముందు టైం సరిచూసుకోండి

"రాత్రి వరకు ఉపవాసాన్ని పూర్తి చేయండి" అంటుంది ఖురాన్ (2:187). ఇస్లాంలో రాత్రి సూర్యాస్తమయంతో మొదలవుతుంది. సూర్యబింబం పూర్తిగా మునిగిందంటే రోజా (ఉపవాసం) ముగిసినట్టే, చీకటి పడేదాకా ఆగక్కర్లేదు. షియా సంప్రదాయంలో మాత్రం తూర్పు దిక్కున ఎరుపు పోయేవరకు ఆగుతారు. అందువల్ల వారి ఇఫ్తార్ కొన్ని నిమిషాలు ఆలస్యంగా ఉంటుంది. ఇద్దరూ ఒకే చోట కూర్చున్నప్పుడు ఎవరి టైం వారు పాటిస్తే సరిపోతుంది.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఊళ్ళ మధ్య తేడా దగ్గర. విశాఖపట్నంలో సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు 19 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. విశాఖలో ఉన్న అమ్మ ఫోన్‌లో "అజాన్ అయిందిరా" అందని హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే ఆ రోజా పోయినట్టే. టీవీలో వినిపించే అజాన్ కూడా ఏ ఊరిదో చూసుకోవాలి. మీ ఊరి మసీదు వాళ్ళు అచ్చు వేయించిన క్యాలెండర్ అన్నిటికన్నా నమ్మకం. ఫోన్‌లో యాప్ వాడితే అందులో లొకేషన్ మీ ఊరిదే ఉందో లేదో ఒకసారి చూడండి.

చివరి పది నిమిషాలు దస్తర్‌ఖాన్ (భోజనాల గుడ్డ) దగ్గర కూర్చోండి

ఖర్జూరాలు, నీళ్ళు ముందు పెట్టుకుని అందరూ కూర్చోవాలి. స్టవ్ ఆపేసి వంట చేసేవాళ్ళు కూడా రావాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఉపవాసి దువా తిరస్కరించబడదని హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల సంకలనాల్లో) ఉంది. రోజంతా ఆకలి, దాహం ఓర్చుకుని, ఆ ఫలితం అందే వేళకు నూనె మూకుడు ముందు నిలబడటం ఎంత నష్టం! ఈ దువా అరబీలోనే చేయాలని ఏమీ లేదు. పిల్లల చదువు, అప్పులు, అమ్మ ఆరోగ్యం, మనసులో ఏ టెన్షన్ ఉన్నా తెలుగులోనే అల్లాహ్‌కు చెప్పుకోండి.

టైం కాగానే ఆలస్యం చేయకండి

ఇఫ్తార్‌కు త్వరపడినంత కాలం ప్రజలు మేలులో ఉంటారని ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. బుఖారీ, ముస్లిం అనే రెండు సంకలనాల్లోనూ ఉన్న హదీసు ఇది. జాగ్రత్త కోసమని ఇంకో పది నిమిషాలు కలిపి ఆగడం పుణ్యం కాదు. అజాన్ ముగిసేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మొదలవగానే రోజా విప్పేసి, అజాన్‌కు జవాబు చెప్పుకుంటూ ఉండవచ్చు.

"బిస్మిల్లాహ్" అని కుడి చేత్తో తీసుకోండి. ప్రవక్త తాజా ఖర్జూరాలతో ఇఫ్తార్ చేసేవారు. అవి లేకపోతే ఎండువాటితో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీళ్ళతో. ఖర్జూరాన్ని ముందే చీల్చి గింజ తీసి పెడితే లోపల పురుగు ఉందేమో కూడా చూసినట్టవుతుంది. నీళ్ళు గటగటా తాగేయకుండా మూడు దఫాలుగా తాగండి. బిస్మిల్లాహ్ మరిచిపోయి మధ్యలో గుర్తొస్తే "బిస్మిల్లాహి అవ్వలహూ వ ఆఖిరహూ" అనాలి.

దువాలు

మన దగ్గర ఎక్కువమంది చదివేది ఇది:

"అల్లాహుమ్మ లక సుమ్తు వ అలా రిజ్‌ఖిక అఫ్తర్తు."
అల్లాహ్, నీ కోసమే ఉపవాసం ఉన్నాను, నీవిచ్చిన ఆహారంతోనే విరమించాను.

నీళ్ళు తాగాక చదివే దువా ఇది:

"జహబజ్ జమఉ వబ్తల్లతిల్ ఉరూఖు వ సబతల్ అజ్రు ఇన్‌షా అల్లాహ్."
దాహం తీరింది, నరాలు తడిశాయి, అల్లాహ్ తలిస్తే ప్రతిఫలం స్థిరపడింది.

రెండూ అబూ దావూద్ సంకలనంలో ఉన్నవే. రెండోదాన్ని చేరవేసినవారి పరంపర బలమైనదని పండితులు అంటారు. దాహం తీరిందని చెప్పేది కాబట్టి గొంతు తడిశాకే చదవండి. ఏదీ నోటికి రాకపోతే రోజా చెల్లదేమో అన్న భయం వద్దు. దువా సున్నత్ (ప్రవక్త పాటించిన ఆచారం) మాత్రమే, చూసి చదివినా సరే.

తర్వాత మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు)

కొద్దిగా తిని, నోరు పుక్కిలించి నమాజుకు లేవండి. మూడు రకాత్‌ల ఫర్జ్ (తప్పనిసరి), రెండు సున్నత్. హలీమ్, దహీ వడే, గంజి ఏదైనా తిరిగొచ్చాక తీరిగ్గా తినవచ్చు. పొట్టలో ఒక వంతు తిండికి, ఒక వంతు నీళ్ళకు, ఒక వంతు ఊపిరికి అన్న హదీసు గుర్తుంటే రాత్రి చదివే ప్రత్యేక నమాజు తరావీహ్‌లో నిలబడటం కష్టం కాదు.

పొరపాటు జరిగితే

మరిచిపోయి తింటే, తాగితే రోజా పోదు. గుర్తొచ్చిన క్షణం తినడం ఆపేసి రోజా కొనసాగించాలి. సూర్యుడు మునిగాడనుకుని ముందే విప్పేస్తే మాత్రం, ఎక్కువమంది పండితుల ప్రకారం, ఆ రోజాను తర్వాత మళ్ళీ ఉండాలి. విమానంలో ఉంటే కింద ఉన్న ఊరి టైం కాదు, మీ కిటికీలోంచి సూర్యుడు కనుమరుగవడమే లెక్క.

షుగర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. రీడింగ్ 70 కంటే తగ్గినా, 300 దాటినా అస్తమయం దాకా ఆగకుండా వెంటనే రోజా విప్పేయమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అజాన్‌కు పావుగంటే ఉన్నా సరే. ఖురాన్ రోగికి ఇచ్చిన సడలింపు (2:185) ఇలాంటి వేళకే. బాగుపడ్డాక ఆ రోజా తీర్చుకోవచ్చు.

ఇఫ్తార్‌కు పిలిస్తే, పిలవబడితే

ఉపవాసికి ఇఫ్తార్ చేయించినవారికి అతనితో సమానమైన పుణ్యం దక్కుతుంది, అతని పుణ్యంలో ఏమీ తగ్గదు. ముస్లిమేతర మిత్రులు పిలిచినా సంతోషంగా వెళ్ళవచ్చు. పిలిచేవారు ఖర్జూరాలు, నీళ్ళు టైంకు ముందే పెట్టి, నమాజుకు శుభ్రమైన దుప్పటి పరిచి, పడమర ఎటో చూపిస్తే చాలు. మాంసం వడ్డిస్తే హలాలేనా అన్నది ముందే చూసుకోండి. అనుమానంగా ఉంటే పండ్లు, గుగ్గిళ్ళు పెట్టండి, ఎవరూ చిన్నబుచ్చుకోరు. తిన్నాక అతిథి ఇంటివారి కోసం ఈ దువా చేస్తాడు:

"అఫ్తర ఇందకుముస్ సాయిమూన్, వ అకల తఆమకుముల్ అబ్రార్, వ సల్లత్ అలైకుముల్ మలాయికహ్."
ఉపవాసులు మీ ఇంట ఇఫ్తార్ చేయుగాక, సజ్జనులు మీ అన్నం తినుగాక, దైవదూతలు మీ కోసం ప్రార్థించుగాక.