జార్‌లో చేరని ఫైళ్లు, చేరినా పనికిరాని ఫైళ్లు: లక్షణం నుంచి సవరణ దాకా

పర్లాకిమిడిలోని ఒక విత్తనాల దుకాణానికి జావాలో బిల్లింగ్ ప్రోగ్రాం రాసి ఇచ్చి, దాని బాగోగులు నేనే చూసుకుంటున్నాను. పాతపట్నం వైపు నుంచి వచ్చే రైతుకు రసీదు తెలుగులో ఉండాలి, మోహన వైపు నుంచి వచ్చే రైతుకు ఒడియాలో ఉండాలి. అందువల్ల ఆ ప్రోగ్రాంలో కోడ్ కంటే కోడ్ కాని ఫైళ్లే, అంటే రెండు భాషల ఫాంట్లు, సందేశాల ప్రాపర్టీస్ ఫైళ్లు, రసీదు నమూనా, దుకాణం ముద్ర, నా చేత ఎక్కువ తిప్పలు పెట్టించాయి. ల్యాప్‌టాప్‌లో బుద్ధిగా పనిచేసిన ఫైలు, ప్రోగ్రాంను జార్‌గా, అంటే అన్నీ ఒకే మూటగా ఉండే ఫైలుగా, కట్టి దుకాణంలో పెట్టగానే మాయమయ్యేది, లేదా ఉండి కూడా లేనట్టే ప్రవర్తించేది.

ఏ లక్షణం కనిపించినా ముందుగా కోడ్‌ను ముట్టుకోకుండా జార్‌ను తెరిచి చూడాలి. జార్ అంటే జిప్ ఫైలే కనుక జిప్‌ను విప్పే ఏ పనిముట్టుతోనైనా అది తెరుచుకుంటుంది. జావా ప్రోగ్రాంలు రాసేవారి పనిముట్ల పెట్టె అయిన జేడీకేతో వచ్చే జార్ కమాండ్‌కు టీ, ఎఫ్ అనే రెండు అక్షరాలను కలిపి ఇచ్చి, ఆ తర్వాత ఫైలు పేరు ఇస్తే లోపలి జాబితా మొత్తం తెర మీదికి వస్తుంది. జావా ప్రోగ్రాంను జార్‌గా కట్టే పనిముట్టు మావెన్‌లో ప్రతి రిసోర్స్ ఫైలుకూ, అంటే కోడ్ కాని ఫైలుకూ, మూడు మజిలీలు ఉంటాయి: మొదటిది మీరు ఫైలును ఉంచిన సోర్స్ ఫోల్డర్, రెండవది టార్గెట్ లోపలి క్లాసెస్ ఫోల్డర్, మూడవది జార్. ఫైలు ఏ మజిలీలో తప్పిపోయిందో తెలిస్తే సగం వెతుకులాట తగ్గిపోతుంది.

లక్షణం: జాబితాలో ఫైలు పేరే లేదు

చాలాసార్లు కారణం ఫైలు ఉన్న చోటే. మామూలు జావా ప్రాజెక్టులో ఎక్లిప్స్ అనే కోడ్ ఎడిటర్, సోర్స్ ఫోల్డర్‌లోని జావాయేతర ఫైళ్లను కూడా క్లాసుల పక్కకు కాపీ చేస్తుంది. అదే ప్రాజెక్టును మావెన్‌కో, అలాంటిదే అయిన గ్రాడిల్‌కో మార్చినప్పుడు, మెయిన్ కింద ఉన్న జావా ఫోల్డర్‌లో కంపైల్ చేయవలసిన ఫైళ్లు తప్ప మరేవీ వాటికి కనిపించవు. ఫైలును మెయిన్ కింద ఉన్న రిసోర్సెస్ ఫోల్డర్‌లోకి, అదే ప్యాకేజీ మెట్లను అక్కడ కూడా కట్టి, జరిపితే సరిపోతుంది. ఒకవేళ ఫైలు టెస్ట్ కింద ఉన్న రిసోర్సెస్‌లో ఉంటే టెస్టులన్నీ పాసవుతాయి, జార్‌లోకి మాత్రం ఫైలు రాదు.

జరపడానికి బద్ధకించి కొందరు మావెన్ సెట్టింగులుండే పామ్ ఫైలులో రిసోర్సెస్ అనే భాగం రాసి, జావా ఫోల్డర్‌ను కూడా రిసోర్స్ ఫోల్డర్‌గా ప్రకటిస్తారు. నేనూ ఆ పని చేశాను. అప్పుడు పోయిన ఫైలు తిరిగి వచ్చింది కానీ అప్పటిదాకా ఉన్నవన్నీ పోయాయి, ఎందుకంటే ఆ భాగాన్ని మనం రాయగానే మావెన్ తన అలవాటు ఫోల్డర్‌ను పక్కన పెట్టి, మనం చెప్పినదాన్ని మాత్రమే వింటుంది. ఈ పద్ధతే కావాలనుకుంటే అలవాటు ఫోల్డర్ పేరును కూడా రెండవ రిసోర్స్‌గా అక్కడే రాయాలి.

లక్షణం: ఫైలు జార్‌లో ఉంది, ప్రోగ్రాంకు మాత్రం నల్ వస్తోంది

నల్ అంటే ఏమీ దొరకలేదన్న జవాబు. ఇక్కడ తప్పు, ఫైలు దారిని అడిగే తీరులో ఉంటుంది. క్లాస్ మీద గెట్ రిసోర్స్ పిలిచినప్పుడు పేరు ముందు స్లాష్ ఉంటే వెతుకులాట జార్ మూలం నుంచి మొదలవుతుంది, స్లాష్ లేకపోతే ఆ క్లాస్ ఉన్న ప్యాకేజీ నుంచి మొదలవుతుంది. క్లాస్ లోడర్ మీద పిలిచినప్పుడు వెతుకులాట ఎప్పుడూ మూలం నుంచే కనుక ముందు స్లాష్ పెట్టకూడదు, పెడితే ఫైలు దొరకదు. ఈ రెండు పద్ధతులను ఒకే ప్రోగ్రాంలో కలిపి వాడకుండా ఏదో ఒకదానికి కట్టుబడటం మంచిది.

దారి సరిగానే ఉన్నా నల్ వస్తే పెద్దబడి, చిన్నబడి అక్షరాలను పోల్చి చూడండి. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు కనుక ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ నుంచి నడిచిన ప్రోగ్రాం, జార్ లోపలి పేర్లకు వచ్చేసరికి ఆగిపోతుంది. జార్‌లో ఒక్క అక్షరం బడి మారినా అది వేరే ఫైలే. పేరు సరిదిద్దాక క్లీన్ చేసి మళ్లీ కట్టండి, లేకపోతే టార్గెట్‌లో మిగిలిపోయిన పాత పేరే జార్‌లోకి ఎక్కుతుంది.

నల్ రాకుండా, యూఆర్ఐ ఈజ్ నాట్ హయరార్కికల్ అనే సందేశంతో ప్రోగ్రాం ఆగిపోయిందంటే, రిసోర్స్ చిరునామాను ఫైల్ ఆబ్జెక్టుగా మార్చే ప్రయత్నం ఎక్కడో జరుగుతోందని అర్థం. జార్ లోపల ఉన్నది డిస్కు మీద విడి ఫైలు కాదు కనుక దానికి ఫైల్ ఆబ్జెక్టు ఉండదు. గెట్ రిసోర్స్ యాజ్ స్ట్రీమ్‌తో చదవాలి. ఏదైనా లైబ్రరీ ఫైలునే అడిగితే ఆ స్ట్రీమ్‌ను తాత్కాలిక ఫైలులోకి కాపీ చేసి ఇవ్వాలి.

లక్షణం: ఫైలు ఉంది, దొరుకుతోంది, కానీ పాడైంది

"బాబూ, ఇదేటి, రసీదు నిండా గళ్లే వస్తన్నాయి" అని ఒకరోజు దుకాణం నుంచి ఫోను వచ్చింది. జార్ తెరిచి చూస్తే నోటో సాన్స్ తెలుగు ఫాంటు, దాని పక్కనే ఒడియా ఫాంటు ఉండవలసిన చోటే ఉన్నాయి. కోడ్‌లో ఫాంటు తయారుచేసే వరుస విఫలమైతే సాధారణ ఫాంటుకు మళ్లేలా నేనే రాసి, ఎక్సెప్షన్‌ను, అంటే లోపం జరిగిందన్న సంకేతాన్ని, ఎక్కడా నమోదు చేయకుండా మింగేశాను. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో రెండు లిపులూ ముందే ఉన్నాయి కనుక ఆ లోపం అక్కడ బయటపడలేదు. దుకాణంలోని లినక్స్ యంత్రంలో ఆ లిపుల ఫాంట్లు లేకపోవడంతో అక్షరం ఉండవలసిన ప్రతి చోటా ఖాళీ గడి అచ్చయింది.

సోర్స్ ఫోల్డర్‌లోని ఫాంటు సైజును, టార్గెట్‌లోని క్లాసెస్ ఫోల్డర్‌లో ఉన్న అదే ఫాంటు సైజుతో పోల్చినప్పుడు రెండవది పెద్దదిగా కనిపించింది, దానితో విషయం తేలిపోయింది. రసీదు అడుగున వెర్షన్ సంఖ్య రావాలని అంతకు వారం ముందే పామ్ ఫైలులో ఫిల్టరింగ్‌ను ట్రూ చేశాను. ఫిల్టరింగ్ అంటే మావెన్ ప్రతి ఫైలునూ పాఠ్యంగా చదివి, డాలరు గుర్తు, మీసాల బ్రాకెట్ల మధ్య ఉన్న పేర్ల స్థానంలో విలువలు నింపి, తిరిగి రాయడం. ఫాంటును యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి) పాఠ్యంగా చదివినప్పుడు ఆ నియమాలకు కుదరని బైట్ల స్థానంలో మూడు బైట్ల ప్రత్యామ్నాయ గుర్తు వచ్చి కూర్చుంటుంది, అందుకే సైజు పెరుగుతుంది. పీఎన్‌జీ, జేపీజీ వంటి కొన్ని బొమ్మల ఫైళ్లను మావెన్ తనంతట తానే ఫిల్టరింగ్ నుంచి మినహాయిస్తుంది కనుక దుకాణం ముద్ర చక్కగా అచ్చయింది. అది చూసి రిసోర్సులన్నీ బాగున్నాయని నమ్మడం నా తొందరపాటు.

సవరణకు రెండు దారులున్నాయి. రిసోర్సెస్ ప్లగిన్‌లోని నాన్ ఫిల్టర్డ్ ఫైల్ ఎక్స్‌టెన్షన్స్ అనే జాబితాలో టీటీఎఫ్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్ వంటివి చేర్చడం ఒకటి, వెర్షన్ నింపవలసిన ఒక్క ఫైలునూ వేరే ఫోల్డర్‌లో ఉంచి ఆ ఫోల్డర్‌కు మాత్రమే ఫిల్టరింగ్ ఇవ్వడం రెండవది. రేపు చేరబోయే కొత్త రకం ఫైలును జాబితాలో చేర్చడం ఎవరో ఒకరు మరిచిపోతారు కనుక నేను రెండవ దారినే ఎంచుకుంటాను. గ్రాడిల్‌లో కూడా ప్రాసెస్ రిసోర్సెస్ పనిలో ఎక్స్‌పాండ్‌ను అన్ని ఫైళ్ల మీదా వదలకుండా, ఫైల్స్ మ్యాచింగ్‌తో ఒక్క ఫైలుకు పరిమితం చేయాలి. ఎక్సెప్షన్‌ను మింగే ఆ వరుసను కూడా అదే రోజు తీసేశాను.

లక్షణం: తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు

గళ్లకూ గుర్తులకూ కారణాలు వేరు. గడి కనిపిస్తే ఫాంటు లోపం, గుర్తులు కనిపిస్తే ఎన్‌కోడింగ్ లోపం, అంటే బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి తప్పడం. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు కనుక, దాన్ని ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చూసే లాటిన్-1గా చదివితే మొదటి బైటు వెనక్కి వాలిన గీత ఉన్న చిన్నబడి ఏ అక్షరంగానూ, రెండవ బైటు డిగ్రీ గుర్తుగానో ప్లస్ మైనస్ కలిసిన గుర్తుగానో కనిపిస్తుంది. ఒడియాకు కూడా మొదటి గుర్తు అదే ఏ అక్షరం, కానీ డిగ్రీ గుర్తు ఉండవలసిన చోట తర్కశాస్త్రంలో కాదు అని చెప్పే కొక్కెం గుర్తు వస్తుంది. చెడిపోయిన రసీదును చూసి కూడా ఏ భాష ఫైలు చెడిందో చెప్పవచ్చన్న మాట.

జార్ లోపలి ప్రాపర్టీస్ ఫైలును బయటికి తీసి ఎడిటర్‌లో తెరవండి. అక్కడే చెడి ఉంటే బిల్డ్‌లో తప్పు ఉంది, పామ్ ఫైలులో ప్రాజెక్ట్ బిల్డ్ సోర్స్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా ప్రకటించాలి. అక్కడ బాగుండి తెర మీద చెడితే తప్పు చదవడంలో ఉంది. 2017లో వచ్చిన జావా 9 నుంచి, భాషను బట్టి సందేశాలు తెచ్చిచ్చే రిసోర్స్ బండిల్ ప్రాపర్టీస్ ఫైళ్లను యూటీఎఫ్-8గా చదువుతుంది, అంతకు ముందు లాటిన్-1గా చదివేది. నా ల్యాప్‌టాప్‌లో జావా 11, దుకాణంలో జావా 8 ఉండటం వల్లనే ల్యాప్‌టాప్‌లో బాగున్నది దుకాణంలో చెడింది. కొత్త జావాలో కూడా ప్రాపర్టీస్ క్లాస్‌కు నేరుగా ఇన్‌పుట్ స్ట్రీమ్ ఇస్తే లాటిన్-1గానే చదువుతుంది కనుక, యూటీఎఫ్-8 అని చెప్పిన రీడర్‌ను ఇవ్వాలి. జావా 8 తప్పనిసరి అయిన చోట, జావా 8 వరకు జేడీకేలో ఉన్న నేటివ్ టు ఆస్కీ పనిముట్టుతో అక్షరాలను బ్యాక్‌స్లాష్, యూ, నాలుగు హెక్స్ అంకెల రూపంలోకి మార్చి జార్‌లో పెట్టవచ్చు. అయితే ఆ ఫైలును తర్వాత మనిషి చదివి దిద్దలేడు.

లక్షణం: అన్ని లైబ్రరీలనూ ఒకే జార్‌గా కట్టాక కొత్త లోపాలు

ఇది త్వరగా చెప్పవచ్చు. మెటా ఇన్ఫ్ కింద ఉన్న సర్వీసెస్ ఫోల్డర్‌లో రెండు లైబ్రరీలకు ఒకే పేరు గల ఫైలు ఉంటే ఒకదాని మీద మరొకటి పడి, ఉదాహరణకు డేటాబేస్ డ్రైవర్ కనిపించకుండా పోతుంది. ఇలా ఒకే జార్‌గా కట్టే ప్లగిన్లలో, అంటే మావెన్ షేడ్‌లో సర్వీసెస్ రిసోర్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను, గ్రాడిల్ షాడోలో మెర్జ్ సర్వీస్ ఫైల్స్‌ను చేర్చాలి. ఇన్‌వాలిడ్ సిగ్నేచర్ ఫైల్ డైజెస్ట్ అని ఆగిపోతే, మెటా ఇన్ఫ్‌లోని ఎస్ఎఫ్, డీఎస్ఏ, ఆర్ఎస్ఏ అనే సంతకం ఫైళ్లను కట్టేటప్పుడే మినహాయించాలి.

లక్షణం: ఒడియా అడిగితే తెలుగు వస్తోంది

ఒడియా సందేశాల ఫైలు ఏ కారణం చేతనైనా జార్‌లో చేరకపోతే రిసోర్స్ బండిల్ ఊరుకోదు. భాషా సంకేతం లేని మూల ఫైలుకు వెళ్లే ముందు యంత్రం సొంత భాష ఫైలు కోసం వెతుకుతుంది. యంత్రాన్ని తెలుగులో అమర్చి ఉంటే మోహన నుంచి వచ్చిన రైతుకు తెలుగు రసీదు చేతికొస్తుంది, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. జార్ జాబితాలో ఓ, ఆర్ అనే భాషా సంకేతంతో ముగిసే ఫైలు ఉందో లేదో చూసి, లేకపోతే మొదటి లక్షణం కింద చెప్పిన దారిలో వెతకండి. ఇలాంటి నిశ్శబ్దపు మార్పిడి అసలే వద్దనుకుంటే బండిల్ అడిగేటప్పుడు గెట్ నో ఫాల్‌బ్యాక్ కంట్రోల్ ఇవ్వవచ్చు. అప్పుడు ఒడియా ఫైలు లేనప్పుడు మూల ఫైలులోని సందేశాలు వస్తాయి, మూల ఫైలు కూడా లేకపోతే ప్రోగ్రాం ఎక్సెప్షన్ ఇచ్చి ఆగుతుంది. నేను మూల ఫైలులో ప్రతి సందేశానికీ ముందు మూడు నక్షత్రాలు పెట్టి ఉంచాను, రసీదు మీద అవి కనిపించగానే దుకాణం వారు ఫోను చేస్తారు.