జీలకర్ర పావుకిలో: సరిహద్దు ఊరి తల్లీకూతుళ్ల భయాన్ని బొమ్మల నవలగా గీయడం

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలో చాలా ఇళ్ల మాట తెలుగు, బడి మాట ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లగా, పొరుగునే ఉన్న పాతపట్నం ఇటు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు, మిగిలింది. తెలుగు బడిలో చదివి అటు కోడలిగా వెళ్లిన తల్లికీ, ఒడియా బడిలో చదివిన ఆమె కూతురికీ మాట ఒకటే అయినా, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. ఇక్కడి నుంచి భయం కథ గీయదలచినవారు దయ్యాన్ని వెతకడానికి ముందు ఈ సంగతిని పట్టుకోవడం మంచిది. ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాయించిన దయ్యం పుకారు చాలామందికి గుర్తే కనుక, దానిని నేరుగా వాడితే పాఠకుడు భయపడకపోగా నవ్వుతాడు.

ట్రంకుపెట్టెలో కూతురికి తెలుగులో రాసిన ఒక పాత నోటుపుస్తకం దొరికిందనుకోండి. చదవమని ఇస్తే, తల్లి ‘జీలకర్ర పావుకిలో, చింతపండు అరకిలో’ అని చదువుతుంది. ఆ పుటను దగ్గరగా చూపే గడిలో (బొమ్మ చట్రంలో) మాత్రం ‘ఆడపిల్ల పుడితే ఏటికి చూపించవద్దు, అది’ అని ఉంటుంది. తరువాతి మాటను తల్లి బొటనవేలు కప్పి ఉంటుంది. కూతురు విన్నదీ, పాఠకుడు చదివినదీ వేరు కావడమే ఈ కథకు ఆయువు కనుక, ఆ గడిలో వ్యాఖ్యానం పెట్టకూడదు. తల్లి ముఖం కూడా గీయవద్దు, వేలు చాలు.

అచ్చు పుస్తకంలో బేసి పుట కుడివైపున, సరి పుట ఎడమవైపున వస్తాయి. అందువల్ల వేలు తొలగడం వంటివి సరి పుట మొదటి గడిలో ఉండాలి, లేకపోతే పుట తిప్పకముందే కన్ను అక్కడ పడుతుంది.

తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కాబట్టి, ముందు అక్షరాలు రాసి ఆ తరువాతే వాటి చుట్టూ మాటల బెలూన్ గీయాలి. తల్లి మాటను అక్కడి యాసలోనే ఉంచండి: ‘ఏటే గుంటా, ఏటి సూస్తన్నావు?’ పుస్తక భాషలో మాట్లాడే తల్లిని చూసి ఎవరూ భయపడరు.

ఊరి విషయంలో కాలం తప్పకూడదు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలైన రైలు రెండున్నర అడుగుల నేరోగేజిది, ఇప్పుడున్నది బ్రాడ్‌గేజి. తల్లి కొత్త కోడలిగా వచ్చిన గడుల్లో చిన్న బండినీ, కూతురి గడుల్లో పెద్ద బండినీ గీస్తే, ఎన్నేళ్ల కిందటి మాటో వేరుగా చెప్పనక్కర లేదు.

చివరి పుటలో కూతురు వంటింటి గోడ మీద సుద్దతో ఒడియాలో ఒక వాక్యం రాస్తుంది. ‘ఏటి రాసినావే?’ అని తల్లి అడుగుతుంది. ‘జీలకర్ర పావుకిలో’ అంటుంది కూతురు. ఆ వాక్యానికి తెలుగు అర్థం ఎక్కడా ఇవ్వవద్దు. పర్లాకిమిడి పాఠకులు మాత్రం దానిని చదవగలరు కనుక, ఒడియా బాగా వచ్చినవారి చేత తప్పు లేకుండా రాయించుకోవాలి.