ఆసుపత్రిలో మనిషి పోతే ఏం చేయాలి? మార్చురీ, పోస్టుమార్టం, ఆ తర్వాతి కాగితాలు

మా బాబాయి వరి చేలో పాము కరిచి పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. "ఇప్పుడు లోపలికి తీసుకెళ్తే కేసంటారు, కోస్తారు" అని ఎవరో అనేసరికి ఆటోను అక్కడి నుంచే వెనక్కి తిప్పేశారు. సాయంత్రానికల్లా దహనం కూడా అయిపోయింది. రెండు నెలల తర్వాత పిన్ని బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. ఏటా 20 రూపాయలు కట్ అవుతున్నాయి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి, పాము కాటు కూడా అందులోకే వస్తుంది. కానీ పాము కరిచిందని చెప్పే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు. ఆ రోజు మాలో ఎవరికీ తెలియని సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క మాట అడగండి

డాక్టరు ప్రాణం పోయిందని చెప్పాక, ఏడుపు కాస్త నిమ్మళించాక "ఇది ఎమ్మెల్సీ కేసా?" అని అడగండి. అంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకు తప్పనిసరిగా తెలియజేయాల్సిన కేసు. రోడ్డు ప్రమాదం, కాలవలోనో గోదావరిలోనో మునిగిపోవడం, రొయ్యల చెరువు దగ్గర కరెంటు షాక్, కొబ్బరి చెట్టు మీద నుంచి పడిపోవడం, పాము కాటు, పురుగుమందు, ఉరి, కాలిన గాయాలు ఇవన్నీ ఎమ్మెల్సీలే. పది రోజులు వైద్యం జరిగాక చనిపోయినా అది ఎమ్మెల్సీయే.

గుండెపోటు, కేన్సర్, వృద్ధాప్యం లాంటి మామూలు మరణమైతే పోస్టుమార్టం ఉండదు. వైద్యం చేసిన డాక్టరు మరణ కారణం రాసి సంతకం చేస్తారు. 2023లో చట్టం మారాక ఆ పత్రాన్ని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లు బాకీ ఉన్నా శవాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఆ మాట మర్యాదగానే, గట్టిగా చెప్పండి.

కాగితాల పని ఒక్కరికే అప్పగించండి

భార్యనో కొడుకునో దీనికి తిప్పకండి. బావమరిదో, మేనల్లుడో, స్నేహితుడో, ఎవరైనా నిదానం ఉన్న మనిషి చాలు. చనిపోయినవారి ఆధార్, తన ఆధార్, కేస్ షీటు, మందుల చీటీలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోవాలి. ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. కేస్ షీటులో పేరు, ఇంటిపేరు, వయసు ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్కడే చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఒంటి మీద నగలు, డబ్బు, ఫోన్ ఎవరు తీసుకున్నారో కూడా జాబితా రాయించుకుని సంతకం తీసుకోండి. అంత దుఃఖంలో ఇది అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి.

పంచనామా: అసలు ఆలస్యం ఇక్కడే

గోదావరి డెల్టాలో చాలామందికి అర్థం కానిది ఇదే. కోనసీమలోని అల్లవరంలో ప్రమాదం జరిగి కాకినాడ జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చనిపోయారనుకోండి. పంచనామా సాధారణంగా ప్రమాదం జరిగిన చోటి పోలీసులు వచ్చి చేస్తారు. ఆసుపత్రి నుంచి అక్కడికి సమాచారం వెళ్ళాలి, అక్కడి నుంచి ఎస్సైయో హెడ్ కానిస్టేబులో బయలుదేరి రావాలి. ఊరికే మార్చురీ ముందు కూర్చోకుండా, మీ స్టేషన్‌కి మీరే ఫోన్ చేసి సమాచారం అందిందో లేదో కనుక్కోండి. బంధువుల్లో ఒకరు స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు రాసిస్తే పని త్వరగా కదులుతుంది.

పంచనామా అంటే కనీసం ఇద్దరు పెద్దమనుషుల ముందు శవాన్ని చూసి, గాయాలు, బట్టలు, మీరు చెప్పిన మాటలు రాసుకోవడం. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతోంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా తహసీల్దారు లాంటి మేజిస్ట్రేటు కూడా వచ్చి విచారించాలి. అందుకు ఇంకాస్త సమయం పడుతుంది.

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పరువు పోతుందని పురుగుమందు తాగిన మనిషికి గుండెపోటు వచ్చిందని చెబితే, పోస్టుమార్టంలో వేరే సంగతి బయటపడుతుంది. అప్పుడు అనుమానం మీ ఇంటి మీదకే వస్తుంది. రాసింది చదివించుకుని సంతకం పెట్టండి.

పోస్టుమార్టంలో ఏం చేస్తారు?

ఎమ్మెల్సీ కేసులో దీనికి కుటుంబం అనుమతి అక్కర్లేదు, వద్దన్నా ఆగదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది ఉచితం. మార్చురీ దగ్గర ఎవరైనా డబ్బులు అడిగితే ఆసుపత్రి ఆర్‌ఎంఓకి (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకి) చెప్పండి.

"కోస్తారు" అన్న మాటకే మా వాళ్ళు భయపడ్డారు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. మెడ కింద నుంచి పొత్తికడుపు దాకా, తల వెనక భాగంలో కోత పెట్టి లోపలి అవయవాలను పరీక్షిస్తారు. విషం అనుమానం ఉంటే కడుపు, కాలేయం, మూత్రపిండాల నుంచి చిన్న ముక్కలు సీసాల్లో పెట్టి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపిస్తారు. తర్వాత కుట్టి, కడిగి, గుడ్డ చుట్టి అప్పగిస్తారు. పరీక్ష కోసం ముఖం మీద కోత పెట్టరు కాబట్టి ఆఖరి చూపుకి ఇబ్బంది ఉండదు. సాధారణంగా గంటా రెండు గంటల పని.

2021 నవంబరు నుంచి వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయవచ్చు. కానీ హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలకు మామూలుగా తెల్లవారేదాకా ఆగాల్సిందే. పెద్దవాళ్ళను రాత్రికి ఇంటికి పంపేయండి. పొద్దున వచ్చేటప్పుడు కొత్త పంచె గానీ చీర గానీ తెచ్చుకోండి. ఒంటి మీది బట్టల్ని పోలీసులు సాక్ష్యంగా తీసుకోవచ్చు. అప్పగించేటప్పుడు చేతికో కాలికో కట్టిన చీటీలో పేరు చూసి, ముఖం చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

కళ్ళు దానం చేయాలనుకుంటే ఆరు గంటల్లోపు జరగాలి. ఫ్యాను ఆపి, కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి వెంటనే ఐ బ్యాంకుకు చెప్పండి.

ఇంటికి, ఇంట్లో

ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోతే మహాప్రస్థానం వాహనం ఉచితంగా ఇంటి దాకా తీసుకెళ్తుంది. 108 శవాలను తీసుకెళ్ళదు. కోనసీమలో కొడుకు కువైట్ నుంచో మస్కట్ నుంచో రావాల్సిన ఇళ్ళు ఎన్నో. అతని టికెట్ ఖాయమయ్యేదాకా శవాన్ని మార్చురీలోనే ఉంచమని అడగండి, లేదా ఇంటి దగ్గర ఫ్రీజర్ బాక్స్ మాట్లాడుకోండి.

పిల్లలకు "ఊరెళ్ళారు" అని చెప్పకండి, ఎదురుచూస్తూనే ఉంటారు. చనిపోయారని, ఇక రారని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాకే ఇంటి ఇల్లాలు నిజంగా ఒంటరిదవుతుంది. ఆ మూడో వారంలో వెళ్ళి కూర్చోండి. నిద్ర లేక, తిండి సహించక, చావు మాటలు మాట్లాడుతుంటే 14416కు ఫోన్ చేయించండి. అది టెలీ మానస్. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

21 రోజుల్లో

మరణ నమోదు చనిపోయిన చోటే జరుగుతుంది, సొంత ఊళ్ళో కాదు. కాకినాడలో పోతే కాకినాడలోనే. ఆసుపత్రి మరణమైతే వాళ్ళే సమాచారం పంపాలి, పంపారో లేదో మీరు చూసుకోవాలి. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము కట్టాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పోస్టుమార్టం రిపోర్టు పోలీసులకు వెళ్తుంది. దాని నకలు, ఎఫ్ఐఆర్, పంచనామా నకళ్ళు వాళ్ళ దగ్గర అడిగి తీసుకోండి.

ఆ తర్వాత పాస్‌బుక్ తెరిచి మే, జూన్ నెలల పేజీలు చూడండి. 20 రూపాయలు కట్ అయితే ప్రమాద బీమా, 436 కట్ అయితే ఏ కారణంతో పోయినా 2 లక్షలు ఇచ్చే జీవన్ జ్యోతి బీమా. నెలలోపే బ్యాంకుకు వెళ్ళి క్లెయిమ్ ఫారం అడగండి.