చింత మొద్దు మీద పదకొండేళ్ల పని

బోన్సాయ్ మీద, అంటే చెట్టును కుండీలో చిన్నదిగా పెంచే కళ మీద, నాకు ఆశ పుట్టించినవి యూ చెట్ల ఫొటోలు. సగం ఎండిన మాను, దాని పక్కనుంచే సన్నటి పట్టీలా పైకి పాకిన పచ్చి బెరడు, పైన ముదురాకుపచ్చ గుబురు. యూ చలిదేశాల చెట్టు. మన దేశంలో దాని బంధువు హిమాలయాల్లో పెరుగుతుంది కానీ విశాఖ ఉక్కపోతకు తట్టుకోలేదు. అయితే అందులో నాకు నచ్చిన గుణాలు మూడూ మన చింతకు ఉన్నాయి. నిదానంగా పెరుగుతుంది, చేవ గట్టిది, ముదురు మాను మీద కూడా చిగురు వేస్తుంది. అందుకే ఇక్కడ రాసేదంతా చింత గురించి, అదీ సీతమ్మధారలో మా మేడ మీద 2015 నుంచి పెంచుతున్న ఒకే ఒక చెట్టు గురించి.

పని మొదలుపెట్టేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏడాదికి ఒక్క పెద్ద పనే చేయాలి. వేళ్లు కోసిన ఏడాది ఆకు దూయకూడదు. లావు కొమ్మ తీసేసిన ఏడాది కుండీ మార్చకూడదు. ఇది తప్పినందుకు నేను ఒక కొమ్మ పోగొట్టుకున్నాను.

మొద్దు తీయడం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి, ఆనందపురం దగ్గర మా పుట్టింటి గట్టు మీద కొబ్బరిచెట్టు పడి ఈ చింత నడుము విరిగింది. పెద్ద చెట్టేం కాదు. చిగురు కోసం ఏళ్ల తరబడి నరుకుతూ ఉండటంతో ఎత్తు పెరగలేదు, మొదలు మాత్రం 15 సెంటీమీటర్ల లావెక్కింది. విరిగాక మోకాలెత్తు మొద్దు మిగిలింది. తుఫాను తర్వాత ఊరంతా చెట్లు మాడిపోయినట్టు కనిపించాయి, కొన్ని వారాలకే మళ్లీ పచ్చబడ్డాయి. ఇదీ చిగురించింది. వెంటనే తవ్వి తెచ్చేద్దామనుకున్నాను. మా నాన్న ఒప్పుకోలేదు. "దెబ్బ తిన్నదాన్ని మళ్లీ కొట్టకమ్మా, శివరాత్రి వెళ్లనీ" అన్నారు.

ఆయన చెప్పిందే సరైన అదను. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి రోజుల్లో చలి తగ్గుతుంది, పాత ఆకు రాలుతూ ఉంటుంది, కొత్త చిగురు ఇంకా రాదు. మొద్దు చుట్టూ అడుగు దూరం వదిలి గునపంతో తవ్వండి. తల్లివేరును రంపంతో కోసేయొచ్చు. పక్కవేళ్లను, వాటి కొసనుండే పీచువేళ్లను వీలైనంత పొడుగు ఉంచండి, చెట్టు బతికేది వాటితోనే. కోసిన చోట్ల బూజు తెగులు మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీళ్లతో ముద్దలా కలిపి రాయండి. తడి గోనెసంచిలో చుట్టి, ఆ రోజే నాటేయండి.

మట్టి విషయంలో పిసినారితనం పనికిరాదు. ఇటుకముక్కలు రెండు పాళ్లు, ముతక నది ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. ఇటుకముక్క కందిగింజ కంటే చిన్నది కాకూడదు, శనగగింజ కంటే పెద్దది కాకూడదు. మెత్తటి పొడంతా జల్లించి పారేయండి. అది అడుగున చేరితే నీళ్లు దిగవు, వేళ్లు కుళ్లుతాయి. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి తెచ్చుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. అది జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడి మట్టి పిడికెడు కూడా తీయకూడదు.

మొదటి నాలుగేళ్లు బోన్సాయ్ కుండీ జోలికి వెళ్లొద్దు. సిమెంటు కలిపే ప్లాస్టిక్ గమేలాకి అడుగున పది, పన్నెండు బెజ్జాలు పెట్టి అందులో నాటాను. మొద్దును తీగతో గమేలాకి కదలకుండా బిగించాలి. గాలికి ఊగితే అప్పుడే పుట్టిన తెల్లవేళ్లు తెగిపోతాయి. పైన గోనెపట్టా కప్పి, నీడన పెట్టి, తడి ఆరకుండా చూశాను. ఆరు వారాలకు బెరడు పగిలి ఎర్రటి మొగ్గలు కనిపించాయి. ఆ ఏడాదంతా నీళ్లు పోయడం తప్ప ఇంకేమీ చేయలేదు.

ఇంట్లో చింతచెట్టు పెట్టడం మా అత్తయ్యగారికి అస్సలు ఇష్టం లేదు. దయ్యాలు చేరతాయని భయం. ఆవిడ మనసు ఎలా మారిందో తర్వాత చెబుతాను.

రాత్రిపూట చూడటం

రెండో ఏడాదికి మొద్దు మీద ముప్పై దాకా రెమ్మలు వచ్చాయి. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది పగలు చూస్తే తేలదు, ఆకు అడ్డం వస్తుంది. చింతాకు చీకటి పడితే ముడుచుకుంటుంది కదా. రాత్రి ఎనిమిదింటికి చెట్టును పిట్టగోడ ముందు స్టూలు మీద పెట్టి, ఎదురుగా ఒక బల్బు వెలిగించి చూడండి. ముడుచుకున్న ఆకుల మధ్య ప్రతి కొమ్మా విడివిడిగా కనిపిస్తుంది, దాని నీడ సున్నం గోడ మీద బొమ్మ గీసినట్టు పడుతుంది. చెట్టును కొంచెం కొంచెం తిప్పుతూ పోతే ఒకచోట మొదలు వెడల్పుగా, మాను మీవైపు కాస్త వంగినట్టు ఉంటుంది. అదే చెట్టు ముఖం, అంటే చూసేవాళ్లవైపు ఉండాల్సిన పక్క. సుద్దముక్కతో గమేలా అంచున గుర్తు పెట్టుకోండి. నేను వారం రోజులు ప్రతి రాత్రీ చూశాకే కత్తెర పట్టాను.

ముప్పైలో ఏడు ఉంచాను. మాను వంపు తిరిగిన చోట బయటివైపున్న రెమ్మ ఉంచండి, లోపలివైపుది తీసేయండి. ఎదురెదురుగా రెండుంటే ఒకటి తీసేయండి. మొదటి కొమ్మ మొత్తం ఎత్తులో మూడోవంతు దగ్గర ఉంటే చూడటానికి బాగుంటుంది. వెనక్కి వెళ్లే కొమ్మ ఒకటి తప్పకుండా ఉండాలి, లేకపోతే చెట్టు గోడకు అంటించిన కాగితం బొమ్మలా ఉంటుంది.

లావెక్కించడం, వంచడం

కొమ్మ లావెక్కాలంటే దాన్ని పొడుగ్గా పెరగనివ్వాలి. ఇది మొదట్లో ఎవరికీ మింగుడుపడదు. చిన్నగా కనిపించాలని కొస తుంచుతూ పోతే కొమ్మ పదేళ్లయినా పుల్లలాగే ఉంటుంది. రెండడుగులు పెరిగే దాకా వదిలేయండి. మొదలు దగ్గర చిటికెన వేలంత లావయ్యాక రెండు కణుపులు ఉంచి కోయండి. కొత్త కొమ్మ ఎటు వెళ్లాలో అటువైపు మొగ్గ ఉన్న కణుపు దగ్గరే కోయాలి. మళ్లీ వదిలేయండి, మళ్లీ కోయండి. 2016 నుంచి 2019 దాకా నేను చేసిందంతా ఇదే. ప్రతి కోత దగ్గరా కొమ్మ మలుపు తిరుగుతుంది, ప్రతి మలుపు తర్వాతా ముందుకంటే సన్నబడుతుంది. ముసలి చింతల కొమ్మలకుండే ఆ వంకర, కొమ్మకు లోహపు తీగ చుట్టి వంచితే రాదు.

అలాగని తీగ అక్కర్లేదని కాదు. రెమ్మ ఆకుపచ్చ నుంచి గోధుమరంగులోకి తిరిగే రోజుల్లో వంచితే మాట వింటుంది. అల్యూమినియం తీగ, కొమ్మ లావులో మూడోవంతు ఉన్నది తీసుకుని, ఏటవాలుగా చుట్టండి. ముదిరిన కొమ్మను మాత్రం వంచబోకండి, పెళుసుగా విరుగుతుంది. దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మీద దారం కట్టి, గమేలా అంచుకు లాగి, పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం బిగించండి. వానాకాలంలో తీగ చుట్టిన కొమ్మల్ని ప్రతి ఆదివారం చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో నెల తిరిగేసరికి తీగ బెరడులో దిగిపోతుంది. తీసేటప్పుడు వెనక్కి విప్పకండి, ముక్కలుగా కత్తిరించండి.

పోయిన కొమ్మ

2018 మార్చిలో మొదటిసారి గమేలాలోంచి తీసి వేళ్లు మూడోవంతు కోశాను. ఏప్రిల్‌కి ఆకు దట్టంగా వచ్చింది. చెట్టు బాగా కోలుకుందని నమ్మి, జూన్‌లో తొలకరి పడగానే ఆకంతా దూసేశాను. ఆకు దూస్తే కొత్త ఆకు చిన్నదిగా వస్తుంది, రెమ్మలు చీలుతాయి. ఆ పద్ధతిలో తప్పు లేదు. కానీ ఆ చెట్టు మార్చిలో వేళ్లు పోగొట్టుకుని, దాచుకున్న బలమంతా ఏప్రిల్ ఆకు మీద పెట్టింది. నేను ఆ ఆకు కూడా తీసేశాను. మూడు వారాలకు ఆరు కొమ్మలు చిగురించాయి. కుడివైపు మొదటి కొమ్మ, అన్నిటికంటే లావైనది, చిగురించలేదు. గోటితో బెరడు గీకితే కింద గోధుమరంగు. అక్టోబర్ దాకా ఆశతో ఉంచాను, ఆ తర్వాత కోసేశాను. మరుసటేడు ఆ పక్కనే వచ్చిన మొగ్గను మళ్లీ మొదటినుంచి పెంచుతున్నాను. ఇప్పటికీ అది మిగతా వాటికంటే సన్నం. అప్పటినుంచి గోడ క్యాలెండర్ మీద ఆ ఏడాది పెద్ద పని ఏదో జనవరిలోనే రాసేస్తాను.

విరిగిన తల

హుద్‌హుద్‌కి విరిగిన చోటును చదునుగా కోసేయమని చాలామంది చెప్పారు. నేను కోయలేదు, ఆ చెట్టు కథంతా అక్కడే ఉంది. చింత మానులో బయటి చెక్క పాలిపోయిన పసుపు, మెత్తన, పురుగు ఇట్టే పట్టేస్తుంది. లోపలి చేవ ముదురు ఊదారంగు, ఇనుములా ఉంటుంది. ఎండిన భాగం మన తేమలో నిలవాలంటే బయటి చెక్కంతా పోయి చేవ మాత్రమే మిగలాలి. మొదటి రెండేళ్లలో విరిగిన చోటునుంచి పసుపు పొడి రాలేది. చిన్న ఉలితో పీచు ఎటు వెళ్తే అటే చీల్చుతూ మెత్తటిదంతా తీశాను. ఉలి కింద చెక్క టక్కుమని మోగితే చేవ తగిలినట్టు, అక్కడ ఆగిపోవాలి. పచ్చి బెరడు అంచును మాత్రం ముట్టుకోకండి.

ఏటా డిసెంబర్‌లో, ఏప్రిల్‌లో పొడి రోజు చూసి ఆ ఎండిన భాగానికి సున్నం-గంధకం ద్రావణం కుంచెతో పూస్తాను. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కాబట్టి మేడ మీదే, చేతులకు తొడుగులు వేసుకుని పూయాలి. మట్టి మీద ప్లాస్టిక్ కవర్ కప్పాలి. ఉన్నదున్నట్టు పూస్తే తెల్లగా అవుతుంది, చింతకు ఆ తెలుపు నప్పదు. నేను రెండు చుక్కలు నల్ల ఇంకు కలిపి బూడిదరంగు తెప్పిస్తాను.

చిగురు గిల్లే ఏళ్లు

2019 మార్చిలో లోతు తక్కువ కుండీలోకి మార్చాను. అప్పటినుంచి పని కత్తెర నుంచి గోటికి మారింది. రెమ్మ ఐదారు ఆకులు వేయగానే రెండు ఆకులు ఉంచి కొస గిల్లాలి. గిల్లిన ప్రతిచోటా రెండు చీలుతాయి. పైభాగం ఎప్పుడూ ఎక్కువ బలంగా ఉంటుంది. అక్కడ తరచూ గిల్లండి, కింది కొమ్మల్ని కొంచెం వదిలేయండి. అన్నిటినీ ఒకేలా గిల్లితే రెండేళ్లలో కింది కొమ్మలు నీరసించిపోతాయి.

గిల్లిన చిగురు పారేయకండి. 2020 వేసవిలో దోసెడు చిగురు వంటింట్లోకి తీసుకెళితే అత్తయ్యగారు దాన్ని అరచేతుల మధ్య నలిపి, కందిపప్పులో వేసి, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టారు. ఆ తర్వాత ఏప్రిల్ వస్తే "అమ్మాయ్, చిగురు గిల్లేవా?" అని ఆవిడే అడగడం మొదలుపెట్టారు. మందు కొట్టిన నెలలో మాత్రం వంటకు వాడకూడదు.

కుండీ మార్పు రెండు మూడేళ్లకోసారి చాలు, ఆ ఏడాది ఆకు దూయడం ఉండదు. దూసే ఏడాది కూడా చెట్టు బలంగా ఉంటేనే, తొలకరి పడ్డాకే. ఎరువుగా వర్షాకాలం ముందు, తర్వాత నెలకోసారి గుప్పెడు వేపపిండి, వేరుశనగ చెక్క కలిపి వేస్తాను. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

మేలో మేడ గచ్చు కాలిపోతుంది, కుండీ కింద ఇటుకలు పెట్టి ఎత్తులో ఉంచండి, రెండు పూటలా నీళ్లు పోయండి. సముద్రపు గాలి గట్టిగా వీచిన మర్నాడు మంచినీళ్లతో ఆకంతా కడగండి, ఉప్పుకి కొసలు మాడతాయి. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాను హెచ్చరిక వినగానే నేను చేసే మొదటి పని చెట్టును దించి, మెట్ల కింద గోడ మూలన పెట్టి, కుండీని రెండు వైపులా తాడుతో కట్టడం.