చర్చికి వెళ్ళొచ్చేయడం వేరు, సంఘంలో కలవడం వేరు: మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు ఎలా మొదలుపెట్టాలి

ఉద్యోగానికో పిల్లల చదువులకో ఊరు వదిలి శ్రీకాకుళమో విజయనగరమో వచ్చేసినవాళ్ళు చాలామంది నాకు తెలుసు, ఆదివారం ఆరాధన మానరు, వెనక కుర్చీలో కూర్చుంటారు, కానుక వేస్తారు, ఆశీర్వాదం అవ్వగానే చెప్పులు తొడుక్కుని బండి తీసేస్తారు. ఏళ్ళు గడిచినా పక్కన కూర్చున్నాయన పేరు తెలీదు. వాళ్ళకి భక్తి లేదని నేను అనను, ఉంది, కానీ సంఘం అంటే ఏంటో వాళ్ళకి ఎవరూ చేసి చూపించలేదు. అందుకే ఇది రాస్తున్నాను, చదివి ఈ వారం నుంచే ఒకటి రెండైనా మొదలుపెట్టండి.

ముందు ఒక సంగతి. మా చర్చి ఎక్కడ అని అడిగితే మనం బిల్డింగ్ చూపిస్తాం కదా, మొదటి క్రైస్తవులకి చూపించడానికి బిల్డింగే లేదు. బైబిల్లో రోమా పత్రిక (అంటే పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం) 16వ అధ్యాయంలో ప్రిస్కిల్ల, అకుల వాళ్ళ ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెప్తాడు, కొలొస్సయులకి రాసినప్పుడు నుంఫా ఇంట్లో సంఘం, ఫిలేమోను ఇంట్లో ఇంకొకటి. రోమా సామ్రాజ్యంలో 313లో క్రైస్తవులకి బహిరంగంగా స్వేచ్ఛ వచ్చాకే పెద్ద పెద్ద ఆలయాలు కట్టడం ఊపందుకుంది. అంతకుముందు వాళ్ళు ఏం చేసేవాళ్ళంటే అపొస్తలుల కార్యములు 2:42లో నాలుగు మాటలు ఉంటాయి, బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. మనం ఆదివారం బోధ వింటాం, ప్రార్థన చేస్తాం. రొట్టె విరవడం నెలకోసారి మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, రొట్టె ద్రాక్షారసం తీసుకునేటప్పుడు, అయిపోతుంది. సహవాసం మాత్రం ఎవరికీ పట్టకుండా పోయింది, ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ఏ చర్చికి వెళ్ళాలి అని అడుగుతారు. మన వైపు అన్ని రకాలూ ఉన్నాయి. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు, తర్వాత విజయనగరం, శ్రీకాకుళం వైపు వచ్చారు, ఆ తర్వాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, టెక్కలి వైపంతా పనిచేశారు, సాలూరు దిక్కు లూథరన్ వాళ్ళు, కాథలిక్కులకి 1993 నుంచి శ్రీకాకుళం డయోసిస్ (ఒక బిషప్ చూసుకునే ప్రాంతం) వేరుగా ఉంది, ఇప్పుడు పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు వీధికొకటి. సిద్ధాంతాల్లో తేడాలు ఉన్నాయి, మీ మనస్సాక్షికి సరిపడేది చూసుకోండి. దాని తర్వాత నేను చూడమనేది ఒక్కటే, ఇంటికి దగ్గరగా ఉండాలి. పెద్ద ప్రసంగీకుడు ఉన్నారని ముప్పై కిలోమీటర్లు పోయి వింటే బోధ దొరుకుతుంది గానీ మీ పిల్లకి రాత్రి పన్నెండింటికి జ్వరమొస్తే పక్కవీధి నుంచి వచ్చే మనిషి దొరకడు. యూట్యూబ్‌లో ఆరాధన కూడా అంతే, మంచం మీద ఉన్నవాళ్ళకి అది వరమే, కాళ్ళు బాగున్నవాళ్ళకి అది సంఘం అవ్వదు.

సరే, చర్చి దొరికింది. ఇక ఆదివారం ఇరవై నిమిషాలు ముందెళ్ళండి, అయిపోయాక అరగంట ఉండిపోండి. ముందెళ్తే చాపలు పరిచే పని ఉంటుంది, కుర్చీలు సర్దాలి, మైక్ వైరు లాగాలి, అడక్కుండా చెయ్యి వేయండి, కొత్తమనిషికి అంతకంటే సులువైన పరిచయం లేదు. అయ్యాక ఎవరో పెద్దావిడ వచ్చి "ఏ ఊరమ్మా, ఎవరి తాలూకు?" అని అడుగుతుంది, మన వైపు అడక్కుండా ఉండరు. చాలామందికి ఇక్కడే ఇబ్బంది, ఆ ప్రశ్న వెనకాల కులం లెక్క ఉందేమో అని. ఒక్కోసారి ఉంటుంది కూడా. ఊరు పేరు చెప్పేసి వెంటనే మీరే ఆమెని అడగండి, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా పిన్నీ, ఎవరికైనా ప్రార్థన చెయ్యాలా" అని. మాట అక్కణ్ణుంచి ఆవిడ మోకాళ్ళ నొప్పులకీ హైదరాబాద్‌లో తాపీపనికెళ్ళిన కొడుక్కీ పోతుంది, ఇంటికెళ్ళాక ఆ రెండూ రాసి పెట్టుకోండి, వచ్చే ఆదివారం కొడుకు ఫోన్ చేశాడా అని అడగండి చాలు.

అసలు పని జరిగేది మాత్రం వారం మధ్యలో ఎవరో ఒకరింట్లో పెట్టుకునే గృహ కూడికలో. మీ చర్చిలో ఉంటే అందులో చేరండి, లేకపోతే అయ్యగారికి, అంటే పాస్టరు గారికి, చెప్పి ఆయన ఒప్పుకున్నాక మూడు నాలుగు కుటుంబాలతో మొదలుపెట్టండి (చెప్పకుండా పెడితే వేరు కుంపటి పెట్టారనుకుంటారు, అది మంచిది కాదు). బుధవారమో గురువారమో రాత్రి ఏడింటికి, గంట దాటకూడదు, పొద్దున్నే పనులకి పోయేవాళ్ళు ఉంటారు. ఒక్క నియమం మాత్రం మొదటి రోజే పెట్టుకోండి, ఎవరింట్లో జరిగినా టీ, బిస్కెట్లు, అంతే. ఇది చిన్న విషయం కాదండి. ఒకరింట్లో టీ ఇస్తారు, రెండో వారం ఇంకొకరు ఉప్మా, మూడో వారం ఇడ్లీ సాంబారు, నాలుగో వారం సామియానా, అద్దె కుర్చీలు, అయిదో వారం రేకుల ఇంట్లో ఉండే చెల్లి "మా ఇల్లు చిన్నదండి, వద్దులెండి" అంటుంది. ఆమె రావడం కూడా మానేస్తుంది. కొరింథులో జరిగింది ఇదే, ఉన్నవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళని ఆకలితో కూర్చోబెట్టారని పౌలు మొదటి కొరింథీ 11లో గట్టిగా మందలించాడు.

కూడికలో ఏం చెయ్యాలంటే రెండు పాటలు, అందులో ఒకటైనా పాత కీర్తన ఉంటే ముసలివాళ్ళు పుస్తకం లేకుండా గొంతు కలుపుతారు, పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మన వాళ్ళ నోట్లో ఇంకా ఉన్నాయి. తర్వాత ఒక అధ్యాయం, చదువురాని పెద్దవాళ్ళు ఉంటే ఎనిమిదో క్లాసు పిల్లో పిల్లాడో చదవాలి, అందరూ ఒక్కో మాట చెప్పాలి, ఒక్కరే అరగంట ప్రసంగం చెయ్యకూడదు. ఆఖర్న ప్రార్థన అంశాలు. ఒక నోట్‌బుక్ పెట్టండి, తేదీ వేసి ఎవరికి ఏం కావాలో రాయండి, వచ్చేవారం ప్రార్థనకి ముందు ఆ పేజీ తెరిచి ఒక్కొక్కరినీ అడగండి, ఏమైంది అని. ఆ నోట్‌బుక్‌లోది ఏదీ చర్చి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకూడదు, భర్త తాగుడు గురించో అప్పు గురించో ఒక ఆడమనిషి ఏడ్చి చెప్పింది మర్నాడు ఊరంతా తెలిస్తే ఆ ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకోదు.

ఇక పరామర్శ. గలతీ 6:2లో ఒకరి భారాలు ఒకరు మోయండి అని ఉంది కదా, శ్రీకాకుళం జిల్లాలో ఆ భారం ఏంటో అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు, రానూపోనూ ప్రయాణం వేరే, తోడు వెళ్ళినవాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది. సంఘం చెయ్యగలిగింది చాలా ఉంది ఇక్కడ. తోడు వెళ్ళడానికి వంతులు వేసుకోండి, సోమవారం ఒకరు, గురువారం ఒకరు, బండి ఉన్న యవ్వనస్థులు పొద్దున్న దింపేస్తారు, ఇంకొకరు పిల్లలకి అన్నం చూస్తారు. చూడ్డానికి వెళ్ళేటప్పుడు మాత్రం అలవాటుగా కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు పట్టుకెళ్ళకండి, వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచెయ్యనివాళ్ళకి అది గుండె మీదకి రావచ్చు, నీళ్ళు కూడా కొలతే. ఏం తినొచ్చన్నారో ఇంట్లోవాళ్ళని అడిగి తీసుకెళ్ళండి. ఎవరైనా వచ్చి విశ్వాసం ఉంటే డయాలసిస్ మానేయమంటే అక్కడే ఆపండి, ప్రార్థనా చేద్దాం, డయాలసిస్‌కీ వెళ్దాం. యాకోబు 5లో రోగి కోసం సంఘ పెద్దలు వచ్చి ప్రార్థన చేయమన్నాడు, వైద్యం మానమని ఎక్కడా అనలేదు.

తుఫాను సంగతి కూడా. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018 అక్టోబర్‌లో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూశాం. ప్రతి ఏడూ సెప్టెంబర్‌లోనే ఒక కాగితం మీద రాసుకోండి, ఎవరింట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్నారు, ఎవరిది రేకుల కప్పు, ఎవరి మగవాళ్ళు గుజరాత్‌కి చేపల వేటకి పోయారు, గర్భిణి ఎవరు. ఒక్కో ఇంటికీ ఒక్కో మనిషి బాధ్యత. గాలి మొదలయ్యాక ఫోన్లు పనిచెయ్యవు.

డబ్బులు లేవు, ఏం సాయం చేస్తాం అంటారా, పిడికెడు బియ్యం పెట్టండి. కొన్ని సంఘాల్లో ఆడవాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నదే, పొద్దున్న ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు, ఆదివారం అందరివీ చర్చిలో ఒకే సంచిలో పోస్తారు. ఎవరి పిడికెడు ఎంతో అక్కడ తెలీదు, అదే దాని అందం. ఆ సంచి ఎవరింటికి పోవాలో ఇద్దరు ముగ్గురు అక్కచెల్లెళ్ళు చూసుకుని చడీచప్పుడు లేకుండా ఇచ్చి రావాలి, ఫొటోలు వద్దు. డబ్బు కానుకలకి మాత్రం ఇద్దరు లెక్కపెట్టాలి, పుస్తకం ఉండాలి, సంఘంలో ఎవరడిగినా చూపించాలి. అడిగితే కోప్పడే చోట జాగ్రత్తగా ఉండండి.

కులం గురించి రాయకపోతే ఇదంతా సగమే. బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకుంటాం, అనేకులమైనా ఒకే శరీరం అని మొదటి కొరింథీ 10:17 చదువుతాం, ఇంటికొచ్చాక ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు తాగం. పెళ్ళి సంబంధాల దాకా కూడా పోనక్కర్లేదు, భోజనం దగ్గరే తెలిసిపోతుంది. నెలకి ఒక్క కుటుంబాన్ని, మీ వీధి కానివాళ్ళని, మీ తాలూకు కానివాళ్ళని మధ్యాహ్నం భోజనానికి పిలవండి, మీరు తినే కంచాల్లోనే పెట్టండి, వాళ్ళు పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళు గొణుగుతారు, గొణగనివ్వండి. ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇవ్వడం గురించి యాకోబు 2లో ఉన్నది మన కోసమే రాసినట్టుంటుంది.

ఇంత కలిసి తిరిగితే గొడవలు వస్తాయి, రాకుండా ఉండవు. పాటల దగ్గర, చిట్టీ డబ్బుల దగ్గర, పిల్లల దగ్గర. మత్తయి 18లో వరస ఉంది, ముందు ఆ మనిషి దగ్గరికి ఒక్కరే వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్ళాలి, ఆ తర్వాతే సంఘం. మనం తిరగేస్తాం, ముందు ఊరంతా చెప్పి ఆఖర్న ఆ మనిషికి తెలుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, పిల్లల మీదో ఆడవాళ్ళ మీదో చెయ్యి వేసిన విషయమైతే లోలోపల సర్దుకోమనే హక్కు ఎవరికీ లేదు, పోలీసులకి చెప్పాల్సిందే.

ఎవరైనా రెండు ఆదివారాలు కనపడకపోతే మూడో ఆదివారం దాకా ఆగొద్దు, ఫోన్ కూడా వద్దు, సాయంత్రం వాళ్ళింటికే నడిచెళ్ళండి. "ఏటప్పా, కనపడట్లేదు, ఒంట్లో బాలేదా?" అని అడగండి, ఎందుకు రాలేదని మాత్రం నిలదీయొద్దు. కూర్చోమంటే కూర్చోండి, ప్రార్థన చేయమంటే చేయండి, లేదంటే టీ తాగి వచ్చేయండి. మీకు బదిలీ అయి ఊరు మారితే అయ్యగారి దగ్గర పరిచయ ఉత్తరం తీసుకుని వెళ్ళండి, కొత్త చోట మొదటి ఆదివారమే ఇచ్చేయండి, పిల్లల్ని విశాఖ హాస్టల్లో వేసినా అంతే, అక్కడి సంఘంలో తెలిసిన ఒక కుటుంబం నంబరు వాళ్ళ ఫోన్‌లో ముందే ఉండాలి.