ఆటకూ రాతకూ ఒకే మెకానికల్ కీబోర్డు: కొనేముందు చూడవలసినవి

ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డు కొనదలచినవారు సాధారణంగా స్విచ్ రంగుతో మొదలుపెడతారు. స్విచ్ నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చు గాని లేని మీటను తెచ్చిపెట్టుకోలేము కనుక, తెలుగులో కూడా రాసేవారు ముందుగా పరిమాణం తేల్చుకోవడం మంచిది. పూర్తి కీబోర్డులో 104 మీటలుంటాయి. కుడివైపు అంకెల భాగం తీసేస్తే 87 మిగులుతాయి. దానినే టీకేఎల్ అంటారు. దానిని ఇంకొంచెం దగ్గరగా కూర్చితే 75 శాతం కీబోర్డు అవుతుంది. అరవై శాతం కీబోర్డులో ఎఫ్-1 నుంచి ఎఫ్-12 దాకా ఉండే పై వరుసగాని, బాణాల మీటలుగాని ఉండవు. మౌస్‌ను బారుగా జరిపి ఆడే షూటింగ్ ఆటగాళ్లకు బల్లమీద చోటు మిగులుతుంది కాబట్టి అదంటే మోజు.

భారతీయ భాషల ప్రామాణిక మీటల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు కొట్టేవారికి ఇక్కడొక చిక్కు ఉంది. ఒకటి అంకెకు ఎడమపక్కన, ట్యాబ్‌కు పైన ఉండే మీటే ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్వం. షిఫ్టుతో కలిపి నొక్కితే ‘ఒ’ వస్తుంది. చాలా అరవై శాతం కీబోర్డుల్లో ఆ స్థానంలో ఎస్కేప్ మీట కూర్చుని ఉంటుంది. ‘ఒక’, ‘కొత్త’, ‘పొలం’ వంటి మాటలు వచ్చిన ప్రతిసారీ, మీటల రెండో పనిని పిలిచే ఎఫ్ఎన్ మీటను కూడా పట్టుకుని నొక్కవలసి వస్తే రాత నడక చెడిపోతుంది. వయా వంటి సాఫ్ట్‌వేర్‌తో మీటల పనులు మార్చుకోవచ్చన్నది నిజమే గాని, ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటును మార్చుకోవడం అంత తేలిక కాదు. రెండు పనులకూ ఒకే కీబోర్డు కావాలనుకునేవారు టీకేఎల్‌గాని, 75 శాతంగాని తీసుకోవాలని నా అభిప్రాయం.

ఇక స్విచ్‌లు. నేటి స్విచ్‌లలో ఎక్కువ భాగం జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980లలో తెచ్చిన ఎమ్ఎక్స్ నమూనాను అనుసరించినవే; గేటరాన్, కైల్ వంటి చైనా సంస్థలు అదే కొలతలతో చవకగా తయారుచేస్తున్నాయి. ఎరుపు స్విచ్ ఎక్కడా తట్టుకోకుండా జారుగా దిగుతుంది. సుమారు 45 గ్రాముల బలంతో 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది. గోధుమరంగు స్విచ్‌లో అక్షరం పడే చోట వేలికి చిన్న గతుకు తగులుతుంది. నీలం స్విచ్‌లో ఆ గతుకుతో పాటు టక్కుమనే చప్పుడూ ఉంటుంది, 60 గ్రాముల దాకా బలమూ కావాలి. నేను మొదట కొన్నది నీలమే. ఇంట్లో అందరూ పడుకున్నాక దాని మీద ఒక్క పేరా కూడా రాయలేకపోయాను.

రబ్బరు పొర ఉండే మామూలు కీబోర్డులో మీటను దాదాపు అట్టడుగు దాకా నొక్కితేగాని అక్షరం పడదు. మెకానికల్ స్విచ్‌లో సగం దూరంలోనే పడుతుంది. తెలుగు రాతకు ఈ తేడా బాగా పనికొస్తుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఇన్‌స్క్రిప్ట్‌లో ఆరు నొక్కులు కావాలి, వాటిలో రెండు పొల్లువే. గంటల తరబడి రాసేవారికి తేలికపాటి గోధుమరంగు స్విచ్ నప్పుతుంది. సగం దూరంలోనే ఆగడం వేళ్లకు ఆ గతుకే నేర్పుతుంది. ఆటకే ఎక్కువ సమయం ఇచ్చేవారికి ఎరుపు మేలు.

ఆట మీద మరీ పట్టుదల ఉన్నవారు అయస్కాంత స్విచ్‌లను, అంటే హాల్ ఎఫెక్ట్ కీబోర్డులను, పరిశీలించవచ్చు. మామూలు స్విచ్‌లో మీట ఒక నిర్ణీత స్థానం దాటి పైకి వస్తేగాని వదిలినట్టు లెక్కకు రాదు. వీటిలో ర్యాపిడ్ ట్రిగ్గర్ పెట్టుకుంటే వేలు కాస్త పైకి లేవగానే వదిలినట్టే. కౌంటర్-స్ట్రైక్ అనే షూటింగ్ ఆటలో పక్కకు పరుగెత్తుతూ చప్పున ఆగి కాల్చేవారికి ఇది కలిసివస్తుంది. అయితే ఆట కోసం మీట కాస్త దిగగానే పడేలా పెట్టుకున్న అమరికతోనే రాయబోతే వేలు ఆనినంత మాత్రాన అక్షరాలు పడిపోతాయి కాబట్టి, రాతకు 2 మిల్లీమీటర్ల లోతుతో వేరే ప్రొఫైల్ (అమరికల జాబితా) పెట్టుకోవాలి. ఎదురెదురు దిశల మీటలను కీబోర్డే సర్దిపెట్టే స్నాప్ ట్యాప్ వంటి సదుపాయాలను కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో ఆ ఆట తయారీదారైన వాల్వ్ సంస్థ 2024 ఆగస్టులో నిషేధించింది. వాటి కోసం అదనపు ధర పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సెకనుకు 8,000 సార్లు సమాచారం పంపుతుందన్న ప్రచారానికి నేనైతే డబ్బు పెట్టను. 1,000 సార్లు పంపే కీబోర్డులోనే ఒక మిల్లీసెకనుకు మించిన వ్యవధి ఉండదు. వైర్‌లెస్ కావాలంటే ఆటకు 2.4 గిగాహెర్ట్జ్ రిసీవరు, రాతకు బ్లూటూత్, రెండూ ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

ఆంగ్ల కీబోర్డులో ‘డి’ ఉన్న మీట ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు, ఆటలో కుడివైపు అడుగు. మీటల మీది తొడుగులు, అంటే కీక్యాపులు, ఏబీఎస్ ప్లాస్టిక్‌వైతే అది తొందరగా అరిగి నూనె రాసినట్టు మెరుస్తుంది. పీబీటీ అనే మరో ప్లాస్టిక్ కీక్యాపులు అలా త్వరగా మెరుపెక్కవు. అక్షరం ముద్ర పైపైన అద్దినది కాకుండా వేరే రంగు ప్లాస్టిక్‌తో డబుల్ షాట్ పద్ధతిలో పోసినదైతే చెరిగిపోదు. హాట్ స్వాప్ సదుపాయం ఉంటే, పాడైన ఒక్క స్విచ్‌ను టంకంతో పని లేకుండా లాగేసి కొత్తది పెట్టుకోవచ్చు. కింద ఐదు కాళ్లు (పిన్నులు) ఉండే స్విచ్‌లనూ పట్టే సాకెట్లు ఉన్నాయో లేదో అడగాలి. అయస్కాంత స్విచ్‌లు మామూలు మెకానికల్ సాకెట్లలో పనిచేయవు.

వీలైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట దుకాణంలోనే నొక్కి చూడండి. ముందుగా స్పేస్‌బార్‌ను ఒకసారి మధ్యలో, ఒకసారి ఎడమ చివర, ఒకసారి కుడి చివర నొక్కాలి. తరువాత ఎంటర్, ఎడమ షిఫ్టు. పొడవాటి మీటల కింద ఉండే స్టెబిలైజర్లు సరిగా లేకపోతే గలగలమని వినిపిస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించినవారు ఈ పరీక్షను వాపసు గడువు ముగియకముందే, చప్పుడు లేని గదిలో చేయాలి.