మార్స్ ఫోటోలో రాయి ఎంతుందో ముందు కొలవండి

మార్స్ మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్ పంపే ఫోటోలను నాసా వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పిల్లలు పడుకున్నాక రోజూ ఓ గంట నేను వాటి ముందే ఉంటాను. మొదట్లో ఒకసారి పెద్ద కొండచరియ కనిపించిందని మురిసిపోయాను. కొలిచి చూస్తే అది ఇటుకంత కూడా లేదు. అక్కడ చెట్టు లేదు, మనిషి లేడు, దేనితో పోల్చుకుంటాం? అందుకే ఇప్పుడు "ఇదేంటి" అనుకునే ముందు "ఎంత దూరంలో ఉంది, ఎంతుంది" అని చూస్తాను.

దీనికి నావ్‌క్యామ్ ఫోటోలు కావాలి, అంటే రోవర్ దారి చూసుకునే జంట కెమెరాలు తీసినవి. నలుపు తెలుపువే, కానీ కొలతకు బాగా పనికొస్తాయి. ఫైలు పేరు ఎన్‌ఎల్‌తో మొదలైతే ఎడమ కెమెరా, ఎన్‌ఆర్‌తో మొదలైతే కుడి కెమెరా. ఆ తర్వాత వచ్చే పొడవాటి అంకె రోవర్ గడియారం. రెండు ఫైళ్లలో ఆ అంకె ఒకటే అయితే అవి జంట. 1024 × 1024 పిక్సెళ్ల పూర్తి సైజువే తీసుకోండి.

బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్టు ఉంటుంది కదా, ఇదీ అంతే. రెండు కెమెరాల మధ్య ఎడం సుమారు 42 సెంటీమీటర్లు. రాయి మీద ఒక మచ్చ పట్టుకోండి. ఎడమ ఫోటోలో అది ఎడమ అంచు నుంచి 612వ పిక్సెల్ దగ్గర, కుడి దాంట్లో 560 దగ్గర ఉందనుకుందాం. తేడా 52. ఈ కెమెరాల మధ్య ఎడం, వాటి లెన్స్‌ను బట్టి వచ్చే అంకె 517. దాన్ని 52తో భాగిస్తే దాదాపు 10 మీటర్లు, అదీ దూరం. అంత దూరంలో ఒక్కో పిక్సెల్ 8 మిల్లీమీటర్ల చిల్లర. రాయి 24 పిక్సెళ్ల వెడల్పుంటే సుమారు 20 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు.

ఫోటో మధ్యలో, దగ్గర్లో ఉన్నవాటికే ఈ లెక్కను నమ్మండి. 100 మీటర్ల దగ్గర తేడా 5 పిక్సెళ్లే కాబట్టి, ఒక్క పిక్సెల్ తప్పినా దూరం 20 మీటర్ల దాకా మారిపోతుంది.

తర్వాత నీడ. మన కళ్లు వెలుగు పైనుంచే వస్తుందనుకుంటాయి, అందుకే ఒక్కోసారి గుంట బుడిపెలా కనిపిస్తుంది. నిటారుగా ఉన్న రాయి నీడ ఎటు పడిందో చూసుకుంటే ఆ తికమక తీరుతుంది.

రంగు ఫోటోలు కావాలంటే మాస్ట్‌క్యామ్‌వి, అంటే రోవర్ స్తంభం మీది రంగు కెమెరాలవి, తెరవండి. ఎరుపు ఎంతుందన్న దాని మీద మాత్రం ఏమీ తేల్చేయకండి, ఎందుకంటే అక్కడి ధూళి వెలుగునే మార్చేస్తుంది. నేను చూసేది రాళ్ల అంచులు. మా ఇంట్లో గోదావరి ఒడ్డున ఏరిన గులకరాయి ఒకటుంది, దాన్ని పక్కన పెట్టుకునే చూస్తాను. పగిలిన రాయికి అంచులు పదునుగా ఉంటాయి, నీళ్లలో దొర్లినది నున్నగా గుండ్రబడుతుంది. 2012 సెప్టెంబరులో, మార్స్ మీద క్యూరియాసిటీ దిగిన గేల్ బిలంలో "లింక్" అనే రాతిపొర ఫోటోల్లో శాస్త్రవేత్తలు పట్టుకున్నదీ ఇదే. ఇసుక రేణువు నుంచి గోల్ఫ్ బంతి సైజు దాకా రాళ్లు, చాలావరకు గుండ్రంగా ఉన్నాయి. అంత పెద్దవాటిని గాలి మోయలేదు. అక్కడ ఒకప్పుడు చీలమండ నుంచి నడుము లోతు వరకు వాగు పారిందని వాళ్లు అంచనా కట్టారు.

మొదట ఆ లింక్ ఫోటోనే తెరిచి, ఒక్కో గులకరాయినీ పెద్దది చేసి చూడండి.